అరిగిన ఊచ

వడ్రంగి భార్య తన బిడ్డను తానే పక్కలో నొక్కి చంపుకుందని ఆసుపత్రివాళ్ళు తేల్చారు. వీధి నమ్మింది. ఆమె చచ్చేదాకా ఆ మాట మోసింది. వాళ్ళలా నది అవతలి నుంచి వచ్చి స్థిరపడ్డ జనం పిల్లల్ని పక్కలోనే వేసుకుంటారని ఊరందరికీ తెలుసు. తెలిసినదాన్ని అడగడమెందుకు? ఆ ఏడే ఎదురింట్లో ఊరివాళ్ళ బిడ్డ తల్లి పక్కలో నిద్రలోనే పోతే మాత్రం, దేవుడు తీసుకుపోయాడన్నారు.

ఏళ్ళ తర్వాత, ఆమె పోయాక, ఒక ఉదయం వడ్రంగి కొట్లో బీరువా తలుపులు పక్కన పెట్టి, తొట్టి మంచానికి ఊచ ఒకటి చేస్తున్నాడు. చిత్రిక తోసినప్పుడల్లా చెక్కపొట్టు ఉల్లిపొరలా చుట్టుకుని లేచి అతని మోచేతుల మీద పడుతోంది.

"పొద్దున్నే సొంత పనా మామా?" అన్నాడు పక్క బల్ల మేస్త్రీ.

"ఇవాళ కూతురి ప్రయాణం."

"మనవణ్ణి ఎత్తుకున్నావా, ఇంకా గుమ్మంలోంచే చూస్తున్నావా?"

"నీ రంపం సంగతి నువ్వు చూసుకో."

ఊచ చంకన పెట్టుకుని ఇంటికెళ్ళేసరికి నర్సు వచ్చి ఉంది. అటక మీంచి దించిన పాత తొట్టి గది మధ్యలో ఉంది. కూతురు పసివాణ్ణి భుజాన వేసుకుని నిలబడింది.

"వెల్లకిలా పడుకోబెట్టు. దిండ్లు వద్దు, పక్కలో అసలే వద్దు. మీవాళ్ళకి అదో అలవాటు కదా," అంది నర్సు. "మీవాళ్ళ పిల్లలే ఎక్కువ పోతున్నారమ్మా. ఎందుకో మాకింకా తేలలేదు."

తొట్టి మేకులు వదులు చేస్తున్న వడ్రంగి సుత్తి ఆపాడు. "ఇప్పుడు తేలలేదా? అప్పుడు మీ ఆసుపత్రివాళ్ళు మా గడప దాటకముందే తేల్చేశారుగా."

నర్సుకు అర్థం కాలేదు. సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది.

అతను తొట్టిలోంచి ఒక ఊచ ఊడదీసి, కొత్తది బిగించి, కదిలించి చూశాడు. కూతురు పాతదాన్ని చేతిలోకి తీసుకుంది.

"ఇది విరగలేదుగా నాన్నా?"

"విరగలేదు. అరిగింది. కింద చాప మీద పడుకుని మీ అమ్మ పట్టుకునేది. వాడున్నప్పుడూ, పోయాకా."

కూతురు ఊచను తడిమి చూసింది. "అయితే అన్నయ్య..."

"తొట్టిలోనే పోయాడు. వాణ్ణి మీ అమ్మ పక్కలో వేసుకుంది ఒక్కసారే, తెల్లారి, వాడు చల్లబడ్డాక. డాక్టరు వచ్చి చూసింది అదే."

"నన్ను ఎప్పుడూ పక్కలోకి రానిచ్చేది కాదు. తన వల్లే పోయాడని భయపడిందనుకున్నా."

"జనానికి భయపడింది."

"నేనూ అమ్మే అనుకున్నాను నాన్నా, ఇన్నేళ్ళూ."

"తెలుసు."

"మరి ఒక్కమాట చెప్పలేదేం?"

"ఎవరడిగారు?"

కూతురు ఊచను కిటికీ గట్టు మీద పెట్టింది. పసివాణ్ణి తండ్రి చేతుల్లో పెట్టి మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. వాడు నిద్రలో ఉన్నాడు. వాడి ఛాతీ లేస్తూ పడుతూ ఉండడం చూస్తూ వడ్రంగి గోడకు ఆనుకుని కదలకుండా నిలబడ్డాడు.

బండి వచ్చింది. తొట్టిని వెనక తాళ్ళతో కట్టాడు. కూతురు ఎక్కి కూర్చుని ఏదో అడగబోయింది.

"చెప్పాల్సింది చెప్పాను. ఇక ఆ మాట నా దగ్గర ఎత్తొద్దు. నువ్వే కాదు, ఎవరూ."

బండి మలుపు తిరిగింది. అతను లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాడు. కిటికీ గట్టు మీద పాత ఊచ ఉంది, మధ్యలో పిడికిలి పట్టేంత మేర సన్నబడి, నున్నగా.