హేమలత మెడకు సరిపోయే ఎత్తు

గా దినం యాదికస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు జల్లుమంటది. నాకు కోపం ముక్కు మీదుంటదని సిరిసిల్లల ఎవలనడిగినా చెప్తరు. సాంచలు, అంటే మరమగ్గాలు, రిపేరు చేసే లక్ష్మీరాజాన్ని నేను. పొద్దంత గా చప్పుడుల అరిసి అరిసి ఇంట్ల గూడ గదే గొంతు అయింది.

నా బిడ్డ హేమలత ఇంటర్ చదువుతది. జగిత్యాల హాస్టల్ల ఉండుకుంట క్లబ్బుల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటది. ఆదివారం హైదరాబాద్‌ల రాష్ట్ర టీమ్ సెలక్షన్స్. గది పోతే మళ్ల ఏడాది ఆగాలె. కొత్తగ అచ్చిన కోచ్ సంధ్యారాణి మేడం బుధవారం ఫోన్ చేసింది. "అన్నా, హేమ మెడ బాగ వంచుతున్నది. ముప్పై సార్లు కాల్చేసరికి మెడ గుంజి గురి తప్పుతున్నది. సైటు ఎత్తు పెంచాలె. కింద పెట్టే దిమ్మెలు చేయించుకస్తరా?"

గదెంత పని అన్న. సైటంటే రైఫిల్ మీద గురి చూసే సన్న రంధ్రం, ముందటొకటి, ఎనకొకటి ఉంటయి. ముందటి దాని కింద, ఎనకటి దాని కింద ఒక్క తీరు దిమ్మె పెడ్తే రెండూ లేస్తయి. నాలుగు, ఎనిమిది, పన్నెండు మిల్లీమీటర్లయి లేత్ మిషన్ మీద జతలు కోయించి, శుక్రవారం పొద్దుగాల్నే జగిత్యాల బస్సెక్కిన.

క్లబ్బు హాల్ల మేడం రైఫిల్ ఖాళీగ ఉన్నదని చూసుకొని హేమ చేతికిచ్చింది. "కండ్లు మూసుకో. మెడ వంచకుండ చెంప హాయిగ రైఫిల్ ఎనక కట్టెకు ఆనించు. ఇప్పుడు తెరువు. కన్ను ముంగట రంధ్రముంటే గదే నీ ఎత్తు."

హేమ కండ్లు తెరిచి, తల కుడి పక్కకు వంచింది. నాలుగుది పెట్టినం, గంతే. ఎనిమిదిది పెట్టినం, గంతే. పన్నెండుది పెడ్తే తల ఇంకింత ఒరిగింది. ప్రతిసారి "సరిపోయింది బాపు" అంటది.

నాకు మండింది. మూడు ఎత్తులు ఒక్క మెడకు ఎట్ల సరిపోతయి? "మెడ నిలబెట్టరాదే? మేడం చెప్పేది చెవులకు ఎక్కుతలేదా?" అన్న.

పక్కకు పోయి వంగి చూసిన. దాని చెంప కట్టెను దాటి అవతలికి పోయింది. రంధ్రం ముంగటున్నది కుడి కన్ను కాదు. "మేడం, ఇది ఎడమ కంటితోని చూస్తున్నది" అని నవ్విన. నిజంగనే నవ్విన, గదే నాకు ఇప్పుడు సిగ్గు.

మేడం నవ్వలేదు. హేమ ఎడమ కన్నును అరచేతితోని మూసి, మూడు వేళ్లు చూపించింది. "ఎన్ని?"

హేమ "రెండు" అన్నది.

మేడం పిడికిలి మూసింది. "ఇప్పుడు?"

"మూడు."

నేను పక్కనున్న కుర్చీల కూలబడ్డ.

"ఎప్పటిసంది హేమా?" మేడం మెల్లగ అడిగింది.

"పదో తరగతి సంది. సాంచల షెడ్డుల నాడె తగిలినప్పటిసంది."

నాడె అంటే సాంచల నూలు మోసుకుంట అటు ఇటు ఉరికే కట్టె. కొసలకు ఇనుప మొనలుంటయి. గది ఎగిరి ఎవలకు తగలకుండ ముంగట ఒక కడ్డీ ఉంటది. నూలు కండె మార్చేటప్పుడు చేతికి అడ్డమస్తదని అందరం గా కడ్డీ తీసి పక్కకు పెడ్తం. హేమకు తగిలిన గా సాంచ కడ్డీ తీసింది నేనే. రెండేండ్ల కింద హేమ నాకు టిఫిన్ డబ్బా తెచ్చిననాడు నాడె లేచి దాని కన్ను పక్కన తగిలింది. వాపు మీద ఐసుగడ్డ పెట్టినం. రెండు దినాలల్ల వాపు పోయింది, మేం మర్శిపోయినం.

"ఆదివారం పోనిస్తరా మేడం?" అని అడిగింది హేమ.

"ముందుగాల డాక్టర్ కాడికి పోదాం" అని మేడం ఫోన్ తీసింది.

రెండేండ్లు నా బిడ్డ ఒక్క కంటితోని బతికింది. నేను దాని మెడ వంకరనుకొని దిమ్మెలు కోయిస్తిని. "నాకెందుకు చెప్పలేదే?" అని అడిగిన. అడిగిన అనుకున్న గని, హాలంత ఇనవడేటట్టు అరిసిన.

హేమ ఒక అడుగు ఎనుకకు జరిగింది.

"గా రోజు గూడ నువ్వు గిట్లనే అరిస్తివి బాపు" అన్నది. "సాంచల నడుమకు ఎందుకచ్చినవని. కన్ను మసకైందంటే ఇంకింత తిడ్తవని ఊకున్న."