గీకేసిన నాలుగు పేజీలు

నేను ఒక మడత చాకును. బొటనవేలంత అలుగు, కొమ్ము పిడి. రోజూలాగే ఒక పొద్దున హెస్టర్ నాతో పెద్దబాతు ఈకను చెక్కుతోంది. వంటింటి బల్లకు ఈ చివర ఆమె, ఆ చివర చెల్లెలు ఫీబీ. ఫీబీ బంగాళాదుంపల పొట్టు తీస్తోంది. ఆ వేళకు ఇంట్లో నిప్పు ఉండేది అక్కడొక్కచోటే. ఈక చివరను ఏటవాలుగా కోసి, నడుమ సన్నగా చీల్చి, గోటి మీద ఆనించి మొన కత్తిరిస్తే కలం సిద్ధం. రోజుకు మూడు కలాలు కావాలి ఆమెకు.

నాకు ఇంకో పని కూడా ఉంది. కాగితం మీద తప్పు పడితే, సిరా ఆరాక ఆ అక్షరాన్ని గీకి తీసెయ్యాలి. మనుషులు నా మొదటి పనినే గుర్తుంచుకుంటారు.

నేను పుట్టింది ఇంగ్లండులో, షెఫీల్డు పట్నంలో. నాకు పదును పెట్టినవాడు సానరాయి మీదికి వంగి రోజంతా ఉక్కు దుమ్ము పీల్చేవాడు. దగ్గు వచ్చినప్పుడు అంచు చెడుతుందని నన్ను పక్కకు పట్టుకునేవాడు. ఆ వీధిలో సానవాళ్లు ముప్పై అయిదేళ్లు దాటడం అరుదు. అతనికి చదువు రాదు. కలాలు చెక్కే చాకులు వేలకు వేలు చేశాడు గాని, వాటిలో ఏ కలమూ అతని గురించి ఒక్క ముక్క రాసినట్టు నేను వినలేదు.

నన్ను కొన్నది ఎల్కిన్ పాదిరీగారు. ఉత్తరాన నూలు మిల్లులున్న ఒక చిన్న ఊళ్లో ఆయన చర్చి. ఇరవై ఏళ్లు ఆయన ప్రసంగాలకు నేనే కలాలు చేశాను. రానురాను ఆయన కొత్తవి రాయడం మానేశారు. పాత ప్రసంగం తీసి, పైనున్న సంవత్సరాన్ని నాతో గీకించి, కొత్త సంవత్సరం వేసేవారు. వినేవాళ్లు పోయిన ఏడాదిలాగే ఈ ఏడాదీ అక్కడే కునికిపాట్లు పడేవారు. ఎవరికీ నష్టం లేదు. తరువాత ఆయన కళ్లకు పొరలు కమ్మాయి. ప్రసంగాలు రాసిపెట్టే పని పెద్దకూతురికి వచ్చింది, దానితో నేనూ వచ్చాను. ప్రసంగం అయ్యాక మిగిలిన సిరాతో హెస్టర్ నవల మొదలుపెట్టింది.

అందులో జూడిత్ అనే అమ్మాయి ఉంది. పెళ్లాం పోయిన ఒక మిల్లు యజమాని తనను పెళ్లి చేసుకోమని ఆమెను అడుగుతాడు. ఆమె వద్దంటుంది. మిల్లు పిల్లలకు చదువు చెప్పే బడి పెట్టుకుంటుంది. చివరి నాలుగు పేజీల్లో జూడిత్ పొద్దున్నే లేచి, బడిలో పొయ్యి వెలిగించి, పిల్లల కోసం ఎదురుచూస్తూ నిలబడుతుంది. ఒంటరిగా ఉంటుంది, సంతోషంగానే ఉంటుంది. ఆడదాని ఒంటరితనం శిక్ష కాదని, ఆమె శ్రమ ఆమెదేనని హెస్టర్ నమ్మకం. పైకి అనడానికి ధైర్యం చాలక కాగితం మీద అంది.

జూడిత్ మాటలు మాత్రం ఫీబీవి. ఆ ఊళ్లోనూ ఒక మిల్లు యజమాని ఉన్నాడు, క్రాబ్‌ట్రీగారు. భార్య పోయింది, అయిదుగురు పిల్లలు. ఆయన ఫీబీని పెళ్లికి అడిగాడు.

"ఆయనకు కావలసింది భార్య కాదక్కా, జీతం అడగని ఆయా" అంది ఫీబీ.

మరునాడు జూడిత్ అదే మాట అంది.

"నోట్లో మాట ఇంకా చల్లారనేలేదు, అప్పుడే కాగితం ఎక్కించేశావా?" అని ఫీబీ నవ్వింది. ఆమె దస్తూరీ ముత్యాల్లా ఉండేది, అందుకని నవలకు శుభ్రమైన ప్రతి రాసే పని ఆమెదే.

పాదిరీగారికి మాత్రం ఈ సంబంధం తప్పిపోతుందని బెంగ. "ఈ ఇల్లు మనది కాదమ్మా, చర్చిది. నేను పోయాక నెలకల్లా కొత్త పాదిరీ సామాను దింపుతాడు. మీరిద్దరూ ఎక్కడికి పోతారు?" అనేవారు.

ఫీబీ దగ్గర దానికి జవాబుంది. హల్ రేవుపట్నంలో ప్రింగిల్ అనే ఆవిడ ఆడపిల్లల బడి నడుపుతోంది. మే నెల నుంచి ఇద్దరు ఉపాధ్యాయినులు కావాలంది. అక్కచెల్లెళ్లు ఇద్దరూ వస్తామని రాశారు. తండ్రిని ఒప్పించడమొక్కటే మిగిలింది.

"నేను చెబితే నాన్న వినడు. అదే అచ్చులో ఉంటే వింటాడు. నీ పుస్తకం రానీ, నేనే చదివి వినిపిస్తాను. జూడిత్ అలా పొయ్యి దగ్గర నిలబడటం విన్నాక వెళ్లమంటాడు చూడు" అంది ఫీబీ.

"అచ్చయి వచ్చిన రోజే పెట్టెలు సర్దుదాం" అంది హెస్టర్.

ఫిబ్రవరిలో ప్రచురణకర్త నుంచి ఉత్తరం వచ్చింది, దానితోపాటు చివరి పేజీలూ తిరిగివచ్చాయి. ఆ రోజుల్లో నవలంటే మూడు సంపుటాలు. కొనేది పాఠకులు కాదు, అద్దెకు పుస్తకాలిచ్చే లైబ్రరీలు. మూడో సంపుటంలో పెళ్లి జరగకపోతే కుటుంబాలు పుస్తకాన్ని ఇంట్లోకి రానివ్వవని, జూడిత్ మిల్లు యజమానిని చేసుకుంటే తప్ప అచ్చు వేయలేమని ఆయన మర్యాదగా రాశాడు. ఆ ఉత్తరం వచ్చినప్పుడు ఫీబీ ఇంట్లో లేదు. హెస్టర్ దాన్ని రెండుసార్లు చదివి పొయ్యిలో వేసింది.

పేజీలు కొత్తగా రాస్తే ఫీబీ అడుగుతుంది. అందుకని హెస్టర్ నన్ను తీసుకుంది. 'ఒంటరిగా' అన్న మాట దగ్గర మొదలుపెట్టాం. ఫీబీ గుండ్రటి అక్షరాలను ఒక్కొక్కటే పొట్టులా లేపాను. గరుకు తేలిన చోట గుగ్గిలం పొడి రుద్ది, గోటితో నునుపు చేసి, చెల్లెలి దస్తూరీని అనుకరిస్తూ హెస్టర్ 'భర్తతో' అని రాసింది. నాలుగు పేజీలకు తొమ్మిది రోజులు పట్టింది. నా అంచు మొద్దుబారితే రాయి మీద నూరి మళ్లీ పట్టుకుంది.

"ఏం గీకుతున్నావక్కా ఇన్ని రోజులుగా?" అని ఫీబీ అడిగింది.

"తప్పులు."

"నా రాతలో ఇన్నా?"

పనిమనిషి డోర్కస్ గిన్నెలు తోముతూ అంది: "రాసేదొకరు, గీకేదొకరు అయితే ఇల్లు రణరంగమైపోను. ఇద్దరూ మీరేనాయె, పెద్దమ్మాయిగారూ, సరిపోయింది."

ఫీబీ నవ్వింది. హెస్టర్ కాగితం మీది పొడి ఊదింది.

ఏప్రిల్ మొదట్లో మూడు సంపుటాలు వచ్చాయి. రాసినవారి పేరు ఉండాల్సిన చోట 'ఒక స్త్రీ' అని ఉంది. టీ అయ్యాక రోజూ ఫీబీ తండ్రికి చదివి వినిపించేది. క్రాబ్‌ట్రీగారూ వచ్చి కూర్చునేవాడు. అప్పటి పుస్తకాల్లో పేజీలు అంచుల దగ్గర అతుక్కునే వచ్చేవి, కోసుకుంటూ చదవాలి. కోసింది నాతోనే.

మూడో సంపుటం చివరికి వచ్చేటప్పటికి ఫీబీ గొంతు పెంచింది. తండ్రి ముఖం వైపు చూస్తూ చదువుతోంది. ఆఖరి మడత కోసింది. జూడిత్ పొద్దున్నే లేచింది, పొయ్యి వెలిగించింది. అది బడిలో పొయ్యి కాదు, మిల్లు యజమాని ఇంట్లోది. ఫీబీ ఒక్క క్షణం ఆగింది. తరువాత మామూలు గొంతుతో చివరి మాట దాకా చదివేసింది.

పాదిరీగారు తృప్తిగా తల ఊపారు. "చూశావా ఫీబీ, మీ అక్క కూడా అదే రాసింది."

"మొదట్లో ఆ పిల్ల పొగరు చూసి భయపడ్డానండీ" అన్నాడు క్రాబ్‌ట్రీగారు. "చివరికి దారికొచ్చింది."

హెస్టర్ కుట్టుపని మీద నుంచి తల ఎత్తలేదు.

వంటింట్లోకి వచ్చాక ఫీబీ అడిగింది: "ఎప్పుడు మార్చావు?"

"ఈస్టరుకు ముందు."

"తప్పులన్నావు."

"మార్చకపోతే అచ్చు వేసేవాళ్లు కాదు ఫీబీ. మిగతాదంతా అలాగే ఉంది. నాలుగు పేజీలే కదా."

"నేనున్నది ఆ నాలుగు పేజీల్లోనేనక్కా."

హెస్టర్ పొయ్యిలో కట్టె సర్దుతూ, "మిసెస్ ప్రింగిల్‌కి రాశాను, నేను రాలేనని. అచ్చు వేసినవాళ్లు ఇంకో నవల అడిగారు. నాన్న కళ్లు కూడా..." అని ఆగిపోయింది. ఫీబీ నన్ను మడిచి బల్ల మీద పెట్టింది.

ఇప్పుడు నేను ఒక మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. 'స్త్రీల విద్య కోసం, స్వేచ్ఛ కోసం రాసిన నవలాకారిణి తన కలాలు చెక్కుకున్న చాకు' అని పక్కన చీటీ ఉంది. ఆమె ఆ తరువాత మరో అయిదు నవలలు రాసింది, అయిదింటిలోనూ మూడో సంపుటంలో పెళ్లి ఉంది. చూడ్డానికి వచ్చేవాళ్లు నా మొన వైపు వేలు చూపి, ఎన్ని గొప్ప మాటలు దీని నుంచి పుట్టాయో అంటారు. కొన్ని మాటలు నాకింద పొట్టుగా రాలి, ఒక్క ఊదుకి చెదిరిపోయాయని వాళ్లకు చెప్పడానికి నాకు నోరు లేదు. హెస్టర్‌ను తప్పుపట్టను. ఆ తొమ్మిది రోజులూ ఆమె నన్ను ఎన్నిసార్లు మడిచి మళ్లీ తెరిచిందో నా పిడికి తెలుసు.

పుస్తకం చదవడం ముగిసిన మర్నాడు పొద్దున కూడా నేను ఆ వంటింటి బల్ల మీదే ఉన్నాను. ఫీబీ టోపీ పెట్టుకుని, చిన్న పెట్టెతో మెట్లు దిగి వచ్చింది. హల్ వెళ్లే బండి ఏడింటికి. డోర్కస్ రొట్టె మూట కట్టి చేతిలో పెట్టింది. హెస్టర్ లేచి నిలబడింది. పక్కగదిలోంచి పాదిరీగారు, "ఎవరమ్మా, ఇంత పొద్దున్నే?" అని అడిగారు. ఫీబీ అక్క వైపు ఒక్కసారి చూసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగి వెళ్లిపోయింది.