పచ్చకామెర్ల సూది

"అవ్వా, రెండోది గూడ ఆడిపిల్లనే అని ముఖం తిప్పుకున్నవా? మా అత్త తిప్పుకున్నదంటే సరే. నువ్వు గూడనా?"

శారమ్మ తల్లిని అడగనే అడిగింది. యేసమ్మ వసారాలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

"రేపు పొద్దుగాల వర్ని బస్సెక్కి మా అత్తగారింటికి పోత," అని శారమ్మ లోపలికి పోయి పసిదాని బట్టలు మూట కట్టసాగింది.

బోధన్‌లో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో యేసమ్మ ఆయా. కాన్పుల గదిలో నెత్తురు గుడ్డలు పిండేది, వాడిన సూదులు ఏరేది ఆమే. తొంభై ఎనిమిదిలో, చెరుకు సీజన్ మొదట్లో, హెడ్ నర్సు విమలమ్మ పనివాళ్ళందరినీ పిలిచి, "పచ్చకామెర్ల సూది. అందరు ఏసుకోవాలె," అంది. హన్మవ్వతో సహా మిగతా ఆయాలు వెనక్కి జరిగారు. యేసమ్మ దేవుడి మీద భారం వేసి చేయి చాపింది.

సాయంత్రానికి జబ్బ వాచింది, ఒళ్ళు కాలిపోయింది. చిన్నప్పుడు వేసిన మశూచి టీకా ఆమెకు గుర్తొచ్చింది. అదీ ఇలాగే పుండై, జ్వరమిచ్చి, మచ్చ మిగిల్చింది. చిన్న రోగం ఎక్కిస్తేనే పెద్ద రోగం రాదని అప్పట్లో పెద్దలు చెప్పేవాళ్ళు. అంటే ఇప్పుడు కామెర్లు ఎక్కించారన్నమాట. సూది పేరే అది కదా!

ఇంట్లో చూస్తే పచ్చి బాలింత, పసిగుడ్డు. చెబితే శారమ్మ హడలిపోయి అత్తగారింటికి పోతుంది. అందుకే ఎవరికీ చెప్పకుండా మంచం వసారాలోకి లాక్కుంది. ఉప్పులేని గంజి తాగింది. పసిదాన్ని ముట్టలేదు. జ్వరం దిగినా నమ్మకం కుదరక, మాటిమాటికీ అద్దంలో కళ్ళు చూసుకుంది.

"ప్రభువా, నీమీద నమ్మకం లేకనా నేను సూది ఏసుకున్నది? గా గుడ్డలు పిండేది నేనే గద," అని ప్రార్థనలో అడిగింది.

శారమ్మ మూట కట్టుకున్న ఆ మధ్యాహ్నమే చెరుకు బండ్లను తప్పించుకుంటూ విమలమ్మ వచ్చింది.

"ఏం యేసమ్మా, దవాఖాన మరిచినవా? సూది ఏసుకుంటే మంచాన పడుడే అని హన్మవ్వ అందరిని బెదిరిస్తున్నది."

"దగ్గరికి రాకు సిస్టరమ్మా. నాకు కామెర్లు ఎక్కినయి."

"ఎవలు ఎక్కిచ్చిండ్రు?"

"నువ్వే గద! పచ్చకామెర్ల సూది అంటివి."

విమలమ్మ నవ్వబోయింది. గడపలో నిలబడి వింటున్న శారమ్మ ముఖం చూసి ఆగిపోయింది.

"అయ్యో పిచ్చిదానా! కామెర్లు రాకుండ ఏసే సూది అది. పేరు పొడుగైతదని తుంచి పిలుస్తున్నం. దోమల మందు కొడితే దోమలు పుడ్తయా?"

"మరి జరమెందుకొచ్చె? చెయ్యెందుకు వాచె?"

"కొందరికి ఒకటి రెండు దినాలు గట్లుంటది, పోతది. ఎవలకూ అంటుకోదు. నాకు గూడ వచ్చింది. గోలీ ఏసుకొని డ్యూటీ చేసిన."

"నీకు గూడనా? మరి చెప్పకపోతివి?"

విమలమ్మ కొంగు సవరించుకుంది. "చెప్తే ఎవ్వరు ఏసుకోరనుకున్న."

"చెప్పినా నేను ఏసుకునేదాన్నే. చెప్పకపోతివి గనుకనే గిట్ల పండుకున్న."

విమలమ్మ మంచం అంచున కూర్చుని ఆమె చేతిని ఒళ్ళోకి తీసుకుంది. "తప్పైంది. మల్ల ఏసేటప్పుడు జరం సంగతి ముందుగాలనే చెప్త."

"నువ్వు చెప్తే భయపడ్తరు. నేను చెప్త. ముందు గా హన్మవ్వకు."

శారమ్మ లోపలికి వెళ్ళి పసిదాన్ని తెచ్చింది. "నాకొక్క మాట చెప్తే నీ నోరరుగునా అవ్వా?" అని తిడుతూనే తల్లి ఒడిలో పడుకోబెట్టింది. "ఇగ సూడు. ఎవల పోలికో చెప్పు."

యేసమ్మ వంగి చూసింది. వెలుతురుకు పసిదాని నుదురు ముడుచుకుంది.

"నీ పోలికే. కోపమొస్తే నువ్వు గిట్లనే ముడుస్తవు."

"మంచిగనే ఉన్నది," అంది శారమ్మ ముక్కు తుడుచుకుంటూ.

యేసమ్మ ఆ ముడతల మీద పెదవులు ఆనించి, చాలాసేపు తల ఎత్తలేదు.