వీపుకి వీపు

పొడుగమ్మాయికి జోడీ దొరక్కపోవడం యోగా మేడంకి కలిసొచ్చిన అదృష్టం. పైకి అంటే బాగుండదు గానీ అదే నిజం.

లాండ్రీ మీద ఉన్న పెద్ద గదిలో సాయంత్రం పూట క్లాసు. వచ్చేవాళ్ళంతా చుట్టుపక్కల హాస్టళ్ళలో ఉండి చదువుకునేవాళ్ళు, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన ఆడపిల్లలు. మొదట్లో ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు. చాప పరవడం, చెప్పింది చెయ్యడం, చాప చుట్టుకుని పోవడం, అంతే. ఆసనాలతో నడుములు వంగుతున్నాయి గానీ ఈ పిల్లల దిగులు ఇసుమంతైనా తగ్గడం లేదని మేడం కనిపెట్టింది. ఒంటరితనం సంగతి ఆవిడకి ఇంకొకరు చెప్పాలా? అందుకే క్లాసు చివర ఒక పద్ధతి పెట్టింది. ఇద్దరిద్దరు వీపుకి వీపు ఆనించి కూర్చుని కళ్ళు మూసుకోవాలి. వెనకున్న మనిషి ఊపిరి తన వీపుకి తెలిసేదాకా మాట్లాడకూడదు.

మొదటి రోజంతా ఇకఇకలు పకపకలే. కొన్నాళ్ళకి ఒక పిల్ల ఊపిరి తేడాగా ఉందని ఆమె జోడీయే పసిగట్టి ఏమైందే అని అడిగింది. ఆ పిల్ల భోరుమంది. అప్పట్నుంచి క్లాసు అయిపోయినా ఎవరూ ఒక పట్టాన కదిలేవారు కాదు. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు మందులు తెచ్చిపెట్టడం, ఇంటర్వ్యూ ఉందంటే బట్టలు అరువివ్వడం మొదలైంది.

మిగిలిపోయింది పొడుగమ్మాయి. అందరూ జతలు కట్టాక ఆమె బేసి. ఎవరితో కూర్చున్నా ఆమె భుజాలు వాళ్ళ తలలకి తగిలేవి. పోనీలే నేనున్నానుగా అంటూ మేడమే ఆమె వెనక చేరింది, ఏదో పెద్ద త్యాగం చేస్తున్నట్టు మొహం పెట్టి. త్యాగమా పాడా! అక్క పోయాక ఇంట్లో ఆవిడ ఒక్కతే. బస్సులో తోసుకునేవాళ్ళు తప్ప ఆవిడని తాకే మనిషి లేదు. ఆ వీపు వెచ్చదనం కోసమే పొద్దుట్నుంచీ సాయంత్రం ఎప్పుడవుతుందా అని చూసేది. క్లాసుకి ఎవరైనా ఒకరు రాకపోతే పిల్లలే జతలుగా సరిపోతారు, తను మిగిలిపోతుంది. అందుకని ఎవరు తుమ్మినా హడలిపోయేది. ఆ హైరానా చూసి, మేడంకి మనమంటే ఎంత ప్రేమో అనుకునేవారు పిల్లలు.

ఒక సాయంత్రం కొత్త పిల్ల వచ్చి గుమ్మంలో నిలబడింది. ఈ ఊళ్ళో తనకి ఎవరూ తెలియదని, కింద బట్టలిస్తుంటే పైనుంచి నవ్వులు వినిపించాయని, తనూ చేరొచ్చా అని అడిగింది. ఆమె కూడా బాగా పొడుగే. మేడం చప్పున గదిలోకి చూసి లెక్కపెట్టుకుంది.

"చోటు లేదమ్మా" అంది.

గది సగం ఖాళీగా ఉంది. కొత్త పిల్ల ఆ ఖాళీనీ చూసింది, మేడం మొహమూ చూసింది. వాదించలేదు. పర్లేదండీ అని మెట్లు దిగింది. చోటు లేదన్న మాట వినడం బాగా అలవాటున్న మనిషిలా దిగింది.

మేడంకి తల కొట్టేసినట్టయింది. ఎవరూ లేనివాళ్ళ కోసమని క్లాసు పెట్టి, ఎవరూ లేని పిల్లనే గుమ్మంలోంచి తిప్పి పంపింది. చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తి, లాండ్రీ ముందు ఆమె చెయ్యి పట్టుకుంది.

"లెక్క తప్పానమ్మా. చోటుంది, రా."

కొత్త పిల్ల భుజాలు, పొడుగమ్మాయి భుజాలు కొలిచినట్టు సరిపోయాయి. మేడం గది మధ్యలో నిలబడి, నెమ్మదిగా పీల్చండి, నెమ్మదిగా వదలండి అని చెబుతూ ఉంది. కాసేపటికి చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. ఏరికోరి తను కట్టుకున్నదే ఇదంతా. ఇందులో తనకి ఆనుకునే చోటు మాత్రం లేదు. ఏడుపొచ్చింది. అందరి కళ్ళూ మూసే ఉన్నాయి గనక కాసేపు ఏడ్చింది కూడా.

క్లాసయ్యాక పొడుగమ్మాయి దగ్గరికొచ్చింది. కొత్త పిల్ల ఆమె కోసం మెట్ల దగ్గర ఆగి ఉంది.

"ఇక మీకు హాయి మేడం. ఎవరూ దొరక్క నాతో కూర్చుంటున్నారు కదా, రోజూ ఎంత మొహమాటంగా ఉండేదో నాకు."

ఇన్నాళ్ళూ ఆ వీపు బిగుసుకుని ఉండేది అందుకా! ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తే ఈ పిల్ల జాలిపడి రేపు మళ్ళీ తన వెనకే చేరుతుంది, ఆ కొత్త పిల్ల ఒంటరిదైపోతుంది. చెప్పకపోతే, మేడం నన్ను భరించారనుకుంటూనే వెళ్ళిపోతుంది. ఆవిడ నవ్వు మొహం పెట్టింది.

"మొహమాటమేమిటే పిచ్చిదానా. రోజు మొత్తంలో నాకు బాగుండేది ఆ కాసేపే."

పొడుగమ్మాయి పకాలున నవ్వింది. "మీరు మరీ మేడం" అని చాప చంకన పెట్టుకుని, మెట్లు దిగుతూనే కొత్త పిల్లతో మాటల్లో పడిపోయింది.