తలుపు మీద మర్జానా ఆపా

సముద్రపు జాతికి అలను నేర్పనక్కర్లేదని, రక్తానికే అది జ్ఞాపకముంటుందని సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలోని మా ఏసీ గార్డ్స్ బస్తీలో నమ్మకం. రక్తం ప్రాణవాయువును మోస్తుంది గాని జ్ఞాపకాలను మోయదని నేను ఏళ్ళ తరబడి చెబుతున్నాను. ఈ ఉదయం ఎనిమిదింటికి సముద్రం మా సందులోకి వచ్చింది గనుక పరీక్షకు వీలు చిక్కింది.

నీరు గడప దాకా ఉంది. రుచి చూశాను, ఉప్పునీరే. పదకొండున్నరకు వెళ్ళిపోతానని సముద్రం మసీదు నోటీసు బోర్డు మీద ముందే రాసిపెట్టింది.

మా అక్క మర్జానా ఆపా వంటింటి తలుపు ఊడదీస్తుంది. ఆమెకు డెబ్బై ఆరేళ్ళు. ఒక్కసారి అల మీద నిలబడడం తప్ప ఆమె ఈ లోకాన్ని మరేదీ అడగలేదు.

మా నాయనమ్మను దాదీ అంటాం. ఆమె తాతను ఆఫ్రికా తీరం నుంచి నిజాం గుర్రపు దళంలోకి తెచ్చారు. అక్కడ పిల్లలు చెక్క పలకల మీద, నవ్వుతూ, అలలెక్కి ఒడ్డుకు వచ్చేవారట. ఆ భంగిమను దాదీ మాకు డాబా మీద, బియ్యం బస్తాలపై పలక వేసి నేర్పింది: మోకాళ్ళు వంచాలి, సముద్రం వైపు చూడాలి. దాదీ సముద్రాన్ని చూడలేదు. ఆమెకు నేర్పిన తల్లీ చూడలేదు. వేడి సిమెంటు మీద మేము పడేవాళ్ళం, దాదీ చప్పట్లు కొట్టేది.

తలుపును నీళ్ళ మీద వేసి ఎక్కి, ఆపా ఏడుసార్లు పడుతుంది.

"ఏం మర్జానా, అల ఎక్కుతున్నవా, దానికి సలాం కొడుతున్నవా?" ఎదురు డాబా మీంచి ఖైరూన్ బీ అడుగుతుంది.

"నీ నోటికన్న పెద్ద అల వస్తే ఎక్కుత, ఆగు!"

"ఆపా, రక్తానికి యాది లేదు. ఒప్పుకో," అంటాను.

"రక్తం ముచ్చట నాకెందుకు సాలెం? పదకొండు దాటింది. ఎట్ల నిలబడాల్నో చెప్పు, సదువుకున్నోనివి."

ఆలోచిస్తాను. ఒడ్డుకు వచ్చేవాడి చూపు ఒడ్డు మీద ఉండాలి. మూడు తరాల్లో ఎవరో ఒకరు డాబా మీద వెనక్కి తిరిగి ఉంటారు, పాఠం అప్పుడే తిరగబడింది.

"సముద్రానికి వీపు పెట్టు ఆపా. ఇంటి దిక్కు చూడు."

"పెద్దల దిక్కు వీపు పెట్టమంటవా?"

"వాళ్ళూ గట్లనే నిలబడ్డరు."

ఆమె తిరుగుతుంది. అల తలుపును ఎత్తుతుంది. డాబాల మీద మర్ఫా డప్పులు మొదలవుతాయి. ఖైరూన్ బీ గిన్నె బోర్లించి వాయిస్తుంది. తొమ్మిదేళ్ళప్పటి నవ్వుతో ఆపా పై అంతస్తు కిటికీల పక్కగా వెళుతుంది.

రక్తానికి జ్ఞాపకం లేదు. మర్జానా ఆపా పదకొండూ ఇరవైకి నిలబడింది. పదకొండున్నరకు సముద్రం తలుపుతో సహా వెళ్ళిపోయింది. సందు మధ్యలో, నేలకు పన్నెండడుగుల ఎత్తున గాలిలో, మోకాళ్ళు వంచి, ఆపా ఇంకా ఒడ్డుకు వస్తూనే ఉంది.