తప్పొప్పుల పట్టిక

"అదిగో, అక్కడుంది అని చెయ్యి చాపి చూపించడం కూడా ఒక ఉద్యోగమేనా?" అని మొగుడు నవ్వుతూ అడిగే సమయానికి ఆమె ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తోంది. ఈ మాట కొత్తదేమీ కాదు. పంతొమ్మిదేళ్లుగా వింటున్నదే. ఆయన యూనివర్సిటీలో చరిత్ర పాఠాలు చెబుతాడు. ఆమె అదే యూనివర్సిటీ లైబ్రరీలో, రిఫరెన్స్ బల్ల దగ్గర కూర్చుంటుంది. ఆయనది మేధస్సు, ఆమెది డ్యూటీ. ఇంట్లో ఈ పంపకం ఎవరు చేశారో ఎవరికీ తెలీదు గానీ, అందరూ ఒప్పేసుకున్నారు.

విద్యార్థులు ఆమెకి ఎక్కడమ్మ అని పేరు పెట్టారు. వచ్చిన ప్రతివాడూ "అమ్మా, ఫలానాది ఎక్కడ?" అనే అడుగుతాడు కదా మరి. "ఎర్రట్ట పుస్తకమమ్మా, మధ్యలో మ్యాపులుంటాయి, అంతే గుర్తుంది" అంటాడొకడు. ఆమె కళ్లు చికిలించి ఒక్క నిమిషం ఆలోచించి, మూడో అంతస్తు, కిటికీ పక్క వరస, పైనుంచి రెండో అర అంటుంది. ఉంటుంది! రిఫరెన్స్ సెక్షన్ పై అధికారి రిటైరై ఆరేళ్లయింది. ఆ కుర్చీలో ఎవర్నీ వేయకుండా ఆమెని ఇన్‌ఛార్జి అన్నారు. పని నీది, కుర్చీ నీది కాదు అనే మాటని మర్యాదగా చెప్పాలంటే ఇన్‌ఛార్జి అంటారన్నమాట.

ఎట్టకేలకు ఆ పోస్టు నింపుతారన్న మాట వచ్చింది. "అనుభవం సరేనమ్మా, ప్రచురణ ఒకటి ఉండాలి" అన్నాడు పెద్ద లైబ్రేరియన్. "మీ కార్డులున్నాయి కదా, వాటినే పుస్తకం చెయ్యండి." నిజమే, కార్డులున్నాయి. ఎవరే ప్రశ్న అడిగినా, జవాబు ఏ పుస్తకంలో ఏ పుటలో దొరికిందో ఒక అట్టముక్క మీద రాసి పెట్టుకునేది. పదకొండు వందల కార్డులు. రెండేళ్ల పాటు మధ్యాహ్నాలు అన్నం డబ్బా పక్కన పెట్టుకుని వాటిని వరసలో పేర్చింది, ముందుమాట రాసింది. మొత్తం తీసుకెళ్లి, కార్డులతో సహా, "భాష ఒకసారి చూడండి" అని మొగుడి చేతిలో పెట్టింది. పిచ్చిది! నాలుగు నెలలు ఆయన "చూస్తున్నా" అన్నాడు. మంచినీళ్ల గ్లాసు కూడా లేచి తీసుకోని మనిషి తన కోసం అంత శ్రమ పడుతున్నాడని ఆమె రెండు సార్లు సంతోషపడింది కూడా.

ఒక బుధవారం ప్రెస్సు నుంచి కొత్త పుస్తకాల కట్ట లైబ్రరీకి వచ్చింది. తాడు కోసింది. పైనే ఉంది తన పుస్తకం. అట్ట మీద మొగుడి పేరు, పెద్ద పెద్ద అక్షరాల్లో. లోపల ప్రశ్నలు తనవి, జవాబులు తనవి, ముందుమాటలో కామాలు కూడా తనవే. చివర ఒక వాక్యం మాత్రం ఆయనది: 'సహకరించిన గ్రంథాలయ సిబ్బందికి కృతజ్ఞతలు.' కంచే చేను మేసిందంటే ఇదే మరి. కొత్త పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని కూడా ఆమెదే. రచయిత అని ఉన్న గడిలో, పుస్తకం మీద ఏ పేరుంటే ఆ పేరే కొట్టాలి, అది నియమం. కొట్టింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

సాయంత్రం అడిగితే ఆయన టీవీ గొంతు కూడా తగ్గించలేదు. "ఒకే ఇంట్లో ఎవరి పేరైతే ఏమిటి? ప్రొఫెసర్ అవ్వడానికి నాకొక పుస్తకం తక్కువైంది. నీ పేరు వేస్తే ఎవడు తెరుస్తాడు దాన్ని?" అత్తగారు కుర్చీలోంచే తీర్పు చెప్పేసింది. "మొగుడు పైకొస్తే నువ్వు పైకొచ్చినట్టు కాదూ? వాడు పుస్తకమే రాయించుకున్నాడు, ఆస్తేం రాయించుకోలేదుగా!"

చివరికి పోస్టుకి ప్రకటన పడింది. ఇంటర్వ్యూ రోజు బల్లకి అవతల అయిదుగురు. మధ్యలో కూర్చున్న అధ్యక్షుడు అదే పుస్తకం ముందు పెట్టుకున్నాడు.

"మీవారి పుస్తకం చదివారామ్మా?"

"చదివానండి."

"మరి మీరేం ప్రచురించారు?"

"అది... అది నేను రాసిందేనండి."

నలుగురు నవ్వారు. "మా ఆవిడా అంతే, నా జీతం తనే సంపాదించానంటుంది" అన్నాడు ఒకాయన. మళ్లీ నవ్వారు. చెప్పుతో కొట్టినా ఆమెకి అంత సిగ్గనిపించేది కాదు. నవ్వనిది ఒక్కరే, వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్దావిడ. పుటలు తిప్పుతూ, "ఇందులో ఒక ఆధారం ఇచ్చారు, 'చి. జర్నల్, పుట 102' అని. ఎంత వెతికినా ఆ జర్నల్ దొరకలేదు. మీరు రాసిందే అయితే, ఏమిటో చెప్పండి" అంది.

ఆమెకి వెంటనే అర్థమైంది. బల్ల దగ్గర ఉండగా ఇంటి నుంచి ఫోనొస్తే, చేతిలో ఉన్న కార్డు మూలనే పొడి అక్షరాల్లో గుర్తు రాసుకునేది. చి.జ. 102. మొగుడికి అడిగే ఓపిక లేదు, తెలీదని ఒప్పుకునే అలవాటూ లేదు. జ. అంటే జర్నలే అని తేల్చేశాడు మహానుభావుడు.

"అది జర్నల్ కాదండి. చిన్నదానికి జ్వరం, నూట రెండు."

ఆ రోజంతా కళ్ల ముందుకొచ్చింది. "నీ కూతురి ఒళ్లు కాలిపోతోంది, నీకేమో లైబ్రరీ!" అని అత్తగారు ఫోన్ పెట్టేసింది. ఆయన ఇంట్లోనే, పక్క గదిలోనే, ఉపన్యాసం రాసుకుంటున్నాడు. ఎదురుగా ఒక పరిశోధక విద్యార్థి నిలబడి ఉన్నాడు. ఆమె కార్డు మూల అంకె వేసుకుని, అతనికి జవాబు వెతికిచ్చి, అప్పుడు వెళ్లింది. అప్పటికి పిల్ల ఏడ్చి ఏడ్చి పడుకుంది.

పెద్దావిడ ఇంకో పుట తీసింది. "'అ. మాసపత్రిక, సంపుటి 4'?"

"అత్తయ్య మాత్ర, నాలుగింటికి."

"'గ్యా. బులెటిన్, 17'?"

"గ్యాస్ బుక్ చెయ్యాలి, పదిహేడో తారీఖు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. తను గెలిచిందనుకుంది. ఇంతకంటే రుజువేం కావాలి? అధ్యక్షుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అంటే ఆఫీసు వేళలో, ఆఫీసు కార్డుల మీద, ఇంటి గోల రాసుకుంటారన్నమాట. ఇలాంటి మనిషికి సెక్షన్ ఎలా అప్పగిస్తామమ్మా?"

నాలుగు రోజులకి ఉత్తర్వు వచ్చింది. పోస్టు మొగుడి పాత శిష్యుడికిచ్చారు. కింద ఒక వాక్యం: కొత్త అధికారికి పని నేర్పే బాధ్యత ఆమెది.

గోరుచుట్టు మీద రోకటి పోటు ఇంట్లో పడింది. ఆ పెద్దావిడ ఊరుకోలేదట, లేని జర్నళ్ల సంగతి ఏమిటని ఉత్తరం రాసిందట. మొగుడి ప్రమోషన్ ఫైలు ఆగిపోయింది. "నలుగురిలో నా పరువు తీశావు కదే! నలభై ఒక్క చోట్ల ఇలాంటి చెత్త ఉందట. సోమవారంలోగా తప్పొప్పుల పట్టిక వేయించి ప్రతి పుస్తకంలో అతికించాలి. ఏది ఆధారమో, ఏది నీ వంటింటి గోలో నీకే తెలియాలి. కూర్చుని రాయి" అన్నాడు. "నా మాత్రలు కూడా అచ్చువేయించావా తల్లీ!" అని అత్తగారు నుదురు కొట్టుకుంది. బడి నుంచి వచ్చిన చిన్నది మాత్రం పుస్తకం తీసుకుని వెతికి వెతికి తన జ్వరం ఉన్న పుట పట్టుకుంది. "అమ్మా, ఇది నేనా?" అని అడిగింది. నువ్వే అంది ఆమె. ఆయనకి నువ్వెవరో తెలియలేదు అని నోటిదాకా వచ్చింది, మింగేసింది.

మర్నాడు మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయకుండానే తెల్లకాగితం తీసుకుంది. నిలువుగా గీతలు కొట్టింది. పుట, తప్పు, ఒప్పు. రాయడానికి రెండు నిమిషాలు పట్టింది. ఈ ఒక్క పుస్తకం తప్ప, పెళ్లినాటి నుంచీ ఆయన ప్రూఫులన్నీ ప్రెస్సుకి వెళ్లింది ఆమె చేతిరాతతోనే కాబట్టి, ఇదీ అలాగే వెళ్లింది. ఎవరూ ఆపలేదు.

గంటకి ప్రెస్సాయన ఫోన్ చేశాడు. "అమ్మా, పట్టిక అందింది. సారు నలభై ఒక్క తప్పులన్నారు, మీరు ఒక్కటే రాశారేంటి?"

"ఒక్కటే కదా ఉంది."

"అట్ట. తప్పు, సారు పేరు. ఒప్పు..." ఆయన చదువుతూ ఆగిపోయాడు. ఆమె పుట్టింటి ఇంటిపేరు ఆయనకి కొత్త. "ఇది మీ పేరా అమ్మా? మరి ఈ అ. మాసపత్రిక, చి. జర్నల్... ఇవి దిద్దొద్దా?"

"వద్దండి" అంది ఆమె. "అవి తప్పులు కావు, జరిగినవే."