వరసలో నూట పన్నెండో మనిషి

మా దగ్గర పార్టీ అభ్యర్థిని ఎంచుకోవడానికి చీటీలూ పెట్టెలూ ఉండవు. అభ్యర్థి ఫొటో పట్టుకుని ఒకరు నిలబడతారు, నచ్చినవాళ్ళు వెనక వరస కడతారు. ఎవరు ఎవరి వెనక ఉన్నారో ఊరంతా చూస్తుంది, మొగుళ్ళూ చూస్తారు. ఈ పద్ధతి కనిపెట్టిన మహానుభావుడు ఒక్కరోజు కూడా పెళ్ళాంగా బతికి ఉండడు.

బసెమెరా పదేళ్ళు జిల్లాలో ఆడవాళ్ళకని విడిగా ఉంచిన సీటు నుంచి పార్లమెంటుకి వెళ్ళింది. ఈసారి ఆ సీటు ఇంకో ఆడమనిషికి వదిలేసి, మా నియోజకవర్గంలో జనరల్ సీటుకి ర్వాముకాగా అనే ఆయన మీద పోటీకి దిగింది. మీకంటూ ఓ కుర్చీ వేశాం కదా, మళ్ళీ మా బల్ల మీదకెందుకని అరటి సారా కొట్టు దగ్గర ఒకటే ఎత్తిపొడుపులు. అందరికంటే ఎక్కువగా అన్నది మా ఆయన అరాలి. ఊళ్ళో ర్వాముకాగా ఏజెంటు ఆయనే.

పొద్దున్న రాగి గంజి తాగుతూ నాతో ఒక్క మాటే అన్నాడు.

"దాని వెనక నిలబడ్డావంటే, అట్నుంచటే మీ నాన్న ఇంటికి పో."

పోతే పిల్లలు నా వెంట రారు, తండ్రి వంశం వాళ్ళు. కానీ మా ఆరోగ్య కేంద్రానికి నర్సుని వేయించింది బసెమెరా. ఆ నర్సు లేకపోతే నా మూడోవాడూ లేడు, నేనూ లేను.

బడి మైదానంలో చాలాసేపు గోడవారగా నిలబడిపోయాను. ర్వాముకాగా వరసలోంచి మా అత్తగారు రమ్మని చెయ్యి ఊపుతోంది. ఎన్నిక నడిపే అధికారి ఇక వరసలు ఆపమని ఈల వేయబోతుండగా వెళ్ళి బసెమెరా వరస చివర నిలబడ్డాను.

ఒకరి వరసను ఎదుటివాళ్ళ ఏజెంటు లెక్కపెట్టాలి, ఒక్కొక్కరి భుజం తట్టి పైకి అంకె చెప్పాలి. ర్వాముకాగా వరస అప్పటికే నూట అరవై మూడు తేలింది. నేను కలిసినా మా ఆయనకి పోయేదేం లేదు. అయినా నా ముందున్న ముసలావిడ భుజం తట్టి, నూట పదకొండు, అంతే అని వెనక్కి తిరిగాడు.

ఇంకొకావిడ ఉందిగా అన్నాడు అధికారి.

"కబజుంగు ఈ ఊరి మనిషి కాదండీ."

అన్నది మా ఆయనే. ఇంట్లో నన్నెప్పుడూ అడియేరీ అని ముద్దుపేరుతోనే పిలుస్తాడు. అసలు పేరు పెట్టి పిలిచాడంటే ఎంత కోపమో మావాళ్ళందరికీ తెలుసు.

అధికారి పార్టీ రిజిస్టరు తిప్పాడు.

"అరాలి భార్య అని రాసుంది. భార్య అవునా కాదా? ఇప్పుడే చెప్పండి, కాదంటే పేరు కొట్టేస్తాను."

రెండు వరసలూ మావైపు తిరిగాయి. ఆయన నేల చూపులు చూస్తున్నాడు. ఒక్క ముక్క చాలు, పదకొండేళ్ళ కాపురం ఆ మైదానంలోనే ముగిసిపోతుంది. వద్దులెండి, నన్ను లెక్కపెట్టకండి అందామని నోటిదాకా వచ్చింది. పళ్ళు బిగించి ఊరుకున్నాను.

ఆయన వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఏదో గొణిగాడు.

వినపడలేదన్నాడు అధికారి.

"నూట పన్నెండు," అన్నాడు ఊరంతా వినేలా.

చెయ్యి తీసేసి తనవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు, నన్ను ఇంటికి రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. మా ఇంటిదారే పట్టాను.